బెర్లిన్ వచ్చి మూడు నెలలైంది, ఇంకా మన ఊరనిపించడం లేదు. ఎన్నాళ్లు పడుతుంది?

తెనాలి_పిల్ల
అక్టోబర్‌లో వచ్చాను, ఇక్కడి ఆఫీసులో రెండేళ్ల కాంట్రాక్టు, బ్లూ కార్డ్ అనే ఉద్యోగుల పర్మిట్ మీద. లిష్టెన్‌బెర్గ్‌లో మూడో అంతస్తు, ఒక గది, వంటిల్లు. మా ఆయన హైదరాబాద్‌లో ఉన్నారు, జూన్‌లో వస్తారు. పని బాగుంది, ఆఫీసులో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు. బాధంతా ఇంటికి వచ్చాకే.

మొన్న ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి పెసరట్లలోకి అల్లం చట్నీ చేద్దామని మిక్సీ వేశాను. రెండు నిమిషాలు, అంతకంటే లేదు. రెండో అట్టు పెనం మీద ఉండగా తలుపు దగ్గర ఏదో చప్పుడైంది. తీసి చూస్తే మనిషి లేరు, తలుపుకి పసుపు కాగితం అంటించి ఉంది. జర్మన్‌లో చేతిరాత, నాలుగు లైన్లు. ఫోన్‌లో అనువాదం చేసుకుంటే, ఆదివారం అందరికీ విశ్రాంతి రోజు, మీ యంత్రం చప్పుడు మా పడకగదిలోకి వస్తోంది, దయచేసి గమనించండి అని ఉంది. కింద పేరు లేదు. ఆ కాగితం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను, అట్టు మాడి పొగ అలారం మోగాక గానీ లోపలికి రాలేదు. ఇప్పుడు మెట్ల మీద ఎవరు కనబడినా వీళ్లేనేమో అనిపిస్తోంది, తల దించుకుని వెళ్లిపోతున్నాను.

దానికి తోడు బ్యాంకు కార్డు రెండుసార్లు పంపించారట, రెండుసార్లూ ఆ చిరునామాలో ఈ పేరు గలవాళ్లు లేరని వెనక్కి వెళ్లిపోయింది. ఇంటి అడ్రస్ రిజిస్ట్రేషన్ పద్నాలుగు రోజుల లోపే చేయించుకున్నాను, కాగితం నా దగ్గరుంది. అయినా లేరంటారేమిటి? పన్ను నంబర్ కూడా రాలేదు, దాంతో జీతంలో కోత చాలా ఎక్కువ పడుతోంది.

సాయంత్రం నాలుగింటికే చీకటి. నేను ఇల్లు చేరేసరికి ఆరున్నర, తెనాలిలో పదకొండు, అమ్మ పడుకునుంటుంది. రెండేళ్లు ఇలా ఉండగలనా అని టెన్షన్ పట్టుకుంది. మీకు ఎన్నాళ్లకి అలవాటైంది? మధ్యలో వెళ్లిపోదామని అనిపించలేదా?

ఓరుగల్లు_కోట
మిగతావి తర్వాత. ముందు కింద పోస్టు డబ్బా మీద మీ పేరుందా? బెల్లు పక్కన ఉందా?

తెనాలి_పిల్ల
లేదు. అంతకుముందు ఉన్నవాళ్ల పేరే ఉంది. ఇంటి ఓనర్ మారుస్తాడేమో అనుకున్నాను.

ఓరుగల్లు_కోట
కారణం అదే అక్కా. ఇక్కడ ఫ్లాట్ నంబర్ అనేదే ఉండదు. మన దగ్గర 302 అని రాస్తే చాలు, ఇక్కడ వీధి, బిల్డింగ్ నంబర్, తర్వాత పేరు. పోస్టతను డబ్బాల మీద పేర్లు చదువుకుంటూ వేస్తాడు, పేరు కనబడకపోతే మనిషే లేడని వెనక్కి పంపుతాడు. మీ పన్ను నంబర్ కూడా అలాగే వెళ్లిపోయి ఉంటుంది, ఎందుకంటే రిజిస్ట్రేషన్ అయిన రెండు మూడు వారాల్లో అది పోస్టులోనే వస్తుంది. ఇవాళే తెల్ల కాగితం మీద పేరు రాసి టేపుతో అంటించండి. తర్వాత హౌస్‌మైస్టర్‌కి, అదే మన వాచ్‌మన్, మేనేజర్ ఇద్దరి పనీ చేసే ఆయన, ఆయనకి చెబితే సరైన పలక వేస్తాడు. నాకు కూడా వచ్చిన కొత్తలో రెసిడెన్స్ పర్మిట్ ఉత్తరం పోయింది, ఇంకో అపాయింట్‌మెంట్ కోసం ఏడు వారాలు తిరిగాను.

గోదారిగట్టు
పన్ను కోత గురించి భయపడకండి. ఆ నంబర్ లేకపోతే కంపెనీ మిమ్మల్ని ఆరో పన్ను తరగతిలో పెట్టి జీతం కోస్తుంది, అన్నిటికంటే ఎక్కువ కోత అందులోనే. నంబర్ ఇచ్చాక సర్దుతారు, అక్కడ సర్దకపోతే మరుసటి ఏడాది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. డబ్బు ఎక్కడికీ పోదు.

తెనాలి_పిల్ల
ఒక్క కాగితం ముక్క కోసం మూడు నెలలు అవస్థ పడ్డానా! ఇంకో సందేహం. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్‌గా ఉంది, మా ఆయన ఇంటిపేరు వేరు. డబ్బా మీద ఏది రాయాలి? ఆఫీసులో కూడా ఉత్తరాలన్నీ ఇంటిపేరుతోనే వస్తున్నాయి, ఎవరినో పిలుస్తున్నట్టుంటుంది.

గోదారిగట్టు
పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఏముందో అదే, అక్షరం పొల్లు పోకుండా. ఆయన వచ్చాక గీత గీసి పక్కన ఆయనది కూడా రాయండి. రెండు పేర్లున్న డబ్బాలు ఇక్కడ ఎన్నో. మా పక్కింట్లో అయితే నాలుగు పేర్లున్నాయి.

పాతకాపు
2011 నుంచి ఇక్కడే ఉన్నాను, కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవమ్మా.

ఆ కాగితం చూసి నువ్వు అనుకున్నంత ద్వేషం అందులో లేదు. మన ఊళ్లో పక్కింటావిడకి ఇబ్బందైతే గోడ మీదనుంచి కేకేసి చెబుతుంది, అరగంట తర్వాత ఆవిడే కరివేపాకు కోసం వస్తుంది. వీళ్లు కాగితం రాస్తారు. మొహం మీద చెబితే ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని అలా రాసేవాళ్లే ఎక్కువ. అందులో దయచేసి అన్న మాటుంది చూశావా. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా, ఆదివారాలు, పండగ రోజులు పక్కవాళ్లకి ఇబ్బంది కలిగేంత చప్పుడు చేయకూడదు. డ్రిల్లింగ్ మెషిన్ లాంటివి ఆదివారం అసలు వాడకూడదు. ఖాళీ గాజు సీసాలు వీధి డబ్బాలో వెయ్యడం కూడా కూడదు, పగిలిన చప్పుడొస్తుందని. వేళలు ఆ డబ్బా మీదే రాసి ఉంటాయి.

నేను వచ్చిన మొదటి చలికాలం ఇంతకంటే ఘోరం. ఇల్లు అద్దెకి తీసుకుని తాళం తీస్తే వంటింట్లో వంటిల్లు లేదు. నిజంగా లేదు. సింక్ లేదు, పొయ్యి లేదు, గోడలోంచి రెండు పైపులు, అంతే. ఇక్కడ చాలా ఇళ్లు అలాగే ఇస్తారు, పాతవాళ్లు గట్టు, అరలు, లైట్లతో సహా విప్పి పట్టుకుపోతారు. నాకు తెలియదు. ఆ రాత్రి ఫోన్ వెలుతురులో కూర్చుని బ్రెడ్ తిన్నాను. పదకొండు రోజులు బాత్‌రూమ్ సింక్‌లో బియ్యం కడిగి కరెంటు కుక్కర్లో వండుకున్నాను. మూడో ఏడాది వచ్చేసరికి ఏ సామాను ఎక్కడ చవకో ఆఫీసులో జర్మన్ వాళ్లకి నేను చెప్పాను.

నీ ప్రశ్నకి జవాబు, నాకు ఏడాదిన్నర పట్టింది. చేయాల్సిందొకటే, కింద ఇల్లు, పక్కిల్లు, రెండు తలుపులూ తట్టు. చేతిలో ఏదైనా తీపి పెట్టుకుని వెళ్లి, నా పేరిది, కొత్తగా వచ్చాను, మొన్న చప్పుడైనందుకు క్షమించండి అని చెప్పు. ఆ మూడు వాక్యాలు జర్మన్‌లో నేర్చుకుని వెళ్లు.

సీమ_బిడ్డ
పాతకాపు గారూ, మీ మాట కాదనడం కాదు గానీ నేనొప్పుకోను. ఎనిమిదిన్నరకి రెండు నిమిషాలు మిక్సీ వేస్తే తప్పేంటి? వంట చేసుకోవడం కూడా చప్పుడేనా? పేరు కూడా రాయకుండా కాగితం అంటించినవాళ్లకి మనం స్వీట్లు పట్టుకెళ్లి క్షమాపణ చెప్పాలా? ఇక్కడ ఏ చిన్న మాటన్నా మనమే వంగి వంగి ఉంటాం. అద్దె కడుతున్నాం, పన్ను కడుతున్నాం. తెనాలి గారూ, మీరేం తప్పు చెయ్యలేదు, తల దించుకోవద్దు.

పాతకాపు
తప్పు చేసిందని నేననలేదు నాయనా. తప్పు లేకపోయినా పలకరించొచ్చు. రేపు ఆ పిల్లకి జ్వరమొస్తే తలుపు తట్టాల్సింది ఆ ఇంటికే, నువ్వూ నేనూ పదిహేను స్టేషన్ల అవతల ఉంటాం.

సీమ_బిడ్డ
అది సరే. కానీ ముందు వాళ్లు రావాలి.

కాజా_ఘుమఘుమ
మిక్సీ కింద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు వేయండి. చప్పుడులో సగం గట్టు గుండా నేలలోకి దిగేదే, అది పోతుంది. నేను శనివారం సాయంత్రం అయిదు లోపే వారానికి సరిపడా అల్లం వెల్లుల్లి, కొబ్బరి, పిండి అన్నీ రుబ్బేస్తాను. చట్నీని ఐసు ట్రేలో గడ్డ కట్టించి పెట్టుకుంటే ఆదివారం రెండు గడ్డలు తీసి కరిగించుకుని పోపు పెడితే చాలు, తేడా తెలియదు. ఇంకో మాట, పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తీయండి. ఇక్కడ పడకగదుల్లో, నడవలో పొగ అలారం పెట్టి తీరాలి. ఎండుమిరపకాయ వేగితే చాలు, దానికి తెలిసిపోతుంది.

నాలుగు_పరుపులు
మేం నలుగురం ఎమ్మెస్ చదివేవాళ్లం, నోయ్‌కోల్న్‌లో ఒకే ఇల్లు. టీవీ రేడియో ఫీజు ఉత్తరం వచ్చిందా మీకు? టీవీ లేకపోయినా కట్టాలి, నెలకి 18.36 యూరోలు. అది మనిషికి కాదు, ఇంటికి. మాకు తెలియక నలుగురం విడివిడిగా కట్టేశాం ఆరు నెలలు. తర్వాత ఒకరి పేరు మీద ఉంచి మిగతా ముగ్గురం రద్దు చేయించుకున్నాం. మీరు ఒక్కరే కాబట్టి మీదే కట్టాలి, ఆ ఉత్తరం చెత్తలో వెయ్యొద్దు, నోటీసులొస్తాయి.

ఖాళీ సీసాలు కూడా పారేయకండి. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ సీసా, డబ్బా ఒక్కోదానికి 25 సెంట్లు, బీరు సీసాకి 8. సూపర్ మార్కెట్లో మిషన్‌లో వేస్తే చీటీ వస్తుంది. మా ఇంట్లో నెలాఖరు పాలు, గుడ్లు ఆ చీటీలతోనే.

ఫిరంగిపురం
రిజిస్ట్రేషన్ గురించి ఎవరూ చెప్పని విషయం ఒకటి. ఆ ఫారంలో మతం అని గడి ఉంటుంది. మాది ఆర్‌సీఎం కుటుంబం, ఉన్నదున్నట్టు రోమన్ క్యాథలిక్ అని రాశాను. మొదటి జీతం చీటీలో చర్చి పన్ను అని ఒక లైనుంది. బెర్లిన్‌లో ఆదాయపు పన్ను ఎంతయితే అందులో 9 శాతం. నేను ప్రతి ఆదివారం పూజకి వెళ్తాను, సెయింట్ హెడ్విగ్ కెథడ్రల్ దాకా కూడా వెళ్తుంటాను, కట్టడానికి నాకు బాధ లేదు, ఆ డబ్బు చర్చి పనులకే వెళ్తుంది. కానీ ముందు తెలిసి కడితే మనసుకి బాగుండేది. కొత్తగా వచ్చే మన క్రైస్తవ కుటుంబాలకి ముందే చెప్పండి, నిర్ణయం వాళ్లది.

మ్యూనిక్_మల్లి
నేను బెర్లిన్ కాదు, మ్యూనిక్. ఇక్కడ చర్చి పన్ను 8 శాతం. అద్దె మాత్రం మీ దానికంటే చాలా ఎక్కువ, అందుకని మీరంతా ఆనందంగా ఉండండి.

ఫిరంగిపురం
8 శాతం అని ఆశ పెట్టి అద్దె గుర్తు చేశారు, మేం ఇక్కడే ఉంటాం.

బుజ్జిగాడి_అమ్మ
తెనాలి చెల్లీ, చీకటి గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అదే పెద్ద విషయంగా కనబడుతోంది. నాది నాలుగో చలికాలం. మొదటి ఏడాది నవంబర్ చివర్లో మొదలైంది. పొద్దున్న లేవబుద్ధయ్యేది కాదు, ఏడుపొచ్చేది, ఎందుకో తెలిసేది కాదు. అమ్మ మీద బెంగ అనుకున్నాను, మా ఆయన ఇంట్లో ఖాళీగా ఉండటం వల్ల అన్నారు, ఇద్దరం దాని మీదే పోట్లాడుకున్నాం. జనవరిలో డాక్టర్ దగ్గరికి వెళితే రక్తపరీక్ష చేసి విటమిన్ డి చాలా తక్కువుందని మందు రాసిచ్చారు, ఆవిడే ఇంకో సంగతి కూడా చెప్పారు. డిసెంబర్‌లో ఇక్కడ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు, నాలుగు కొట్టకముందే సూర్యుడు వెళ్లిపోతాడు, అందుకని ఉన్న వెలుతురు వదులుకోవద్దు, మధ్యాహ్నం అరగంట బయట నడువు, మబ్బున్నా సరే అని. లంచ్ టైంలో కోటు వేసుకుని బయటికి వెళ్లు. మందు మాత్రం నీ అంతట నువ్వు కొనుక్కోకు, పరీక్ష చేయించుకుని వేసుకో.

సెలవు రోజు టెంపెల్‌హోఫ్ మైదానానికి రా. పాత విమానాశ్రయం, 2008లో మూసేశారు, 2010 నుంచి జనానికి తెరిచారు. రన్‌వే మీద సైకిళ్లు, గాలిపటాలు, పిల్లలు. మూడువందల హెక్టార్లు, మధ్యలో ఒక్క బిల్డింగ్ ఉండదు, ఆకాశం మొత్తం కనబడుతుంది. మా వాడు సైకిల్ నేర్చుకుంది విమానాలు దిగిన చోటే. మొదటిసారి వెళ్లినరోజు చాలాసేపు ఊరికే నిలబడ్డాను, మా పొలం గట్టు మీద నిలబడ్డట్టు అనిపించింది.

జూన్‌లో ఇదే ఊరిని చూడు, రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురే. మీ ఆయన సరైన నెలలో వస్తున్నారు.

కరీంనగర్_పట్నం
బుజ్జిగాడి అమ్మ గారు చెప్పింది వంద శాతం నిజం. నేను రెండు ఏండ్లు ఆ సంగతి తెలియక ఊరి మీద కోపం పెట్టుకున్న.

అయితే పాతకాపు గారి మాటకి నాదొక అభ్యంతరం. పక్కింటివాళ్లు, జర్మన్ నేర్చుకోవడం అన్నీ మంచివే గానీ ముందు మనుషులు కావాలి కదా. మూడు నెలలు ఒక్కతే ఉన్న అమ్మాయికి మూడు వాక్యాలు నేర్చుకొని తలుపు తట్టమంటే ఎట్లా? ముందు మన తెలుగోళ్లని కలవాలి. బతుకమ్మకి ఇక్కడ తంగేడు దొరకది, గునుగు దొరకది, మేం చామంతులు, గులాబీలతో పేర్చినం. ఆడుతుంటే మా పాపకి మొదటిసారి అర్థమైంది అమ్మ ఎందుకు ఏడుస్తదో. ఆ ఒక్క సాయంత్రం నన్ను ఏడాదంతా నిలబెట్టింది.

స్ప్రీ_నది
నేను ఇంకోలా చూశాను. మొదటి రెండేళ్లు ప్రతి శని ఆదివారాలు మనవాళ్లతోనే గడిపాను. బిర్యానీలు, పుట్టినరోజులు, క్రికెట్. బాగుండేది. తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఒకరు ఆమ్‌స్టర్‌డామ్, ఇద్దరు హైదరాబాద్. వెనక్కి చూసుకుంటే బెర్లిన్‌లో నాకంటూ తెలిసిన బెర్లిన్ మనిషి లేడు. అప్పుడు ఫోల్క్‌స్‌హోఖ్‌షూలెలో చేరాను, అంటే ప్రభుత్వం నడిపే సాయంత్రం బడి లాంటిది, ఫీజు ప్రైవేటు వాటి కంటే చాలా తక్కువ. మా క్లాసులో సిరియా నుంచి వచ్చిన దర్జీ, వియత్నాం ఆవిడ, బ్రెజిల్ అబ్బాయి. అందరం తప్పులే మాట్లాడతాం కాబట్టి సిగ్గు ఉండదు. ఇప్పటికీ నాకు దగ్గరివాళ్లు వాళ్లే.

కరీంనగర్_పట్నం
రెండూ కావాలె అన్నా, నేను ఏది ముందో చెప్పిన, అంతే.

స్ప్రీ_నది
అది ఒప్పుకుంటాను. మీ బతుకమ్మకి ఈసారి నన్నూ పిలవండి.

అద్దెకొంప
చలికాలం గురించి ఇంకో ముఖ్యమైన సంగతి. కిటికీలు! మేం చలికి భయపడి నవంబర్ నుంచి మార్చి దాకా కిటికీ తీయలేదు, లోపలే బట్టలు ఆరేసుకున్నాం, రోజూ అన్నం, పప్పు ఉడికించాం. ఫిబ్రవరిలో మంచం వెనక గోడంతా నల్లగా బూజు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనర్ అడ్వాన్సులోంచి 400 యూరోలు పట్టుకున్నాడు. రోజుకి రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తీసి అయిదు పది నిమిషాలు ఉంచి మూసేయాలి. ఓరగా తీసి గంటలు గంటలు వదిలేస్తే గోడ చల్లబడుతుంది, తేమ మాత్రం పోదు. ఇక్కడివాళ్లు గడ్డకట్టే చలిలో కూడా ఎందుకు కిటికీలు తెరుస్తారో ఆ 400 పోయాక అర్థమైంది.

అడ్వాన్సు మూడు నెలల అద్దెకి మించి అడగకూడదు, అది కూడా కరెంటు, వేడి ఖర్చులు కలపని అద్దె మీద. ఒకేసారి ఇవ్వక్కర్లేదు, మూడు నెలవారీ వాయిదాల్లో ఇవ్వడం మన హక్కు. ఈ రెండూ నాకు ముందు తెలియవు.

నాలుగు_పరుపులు
మా గోడ మీద కూడా నలుపుంది. ఇప్పుడే లేచి కిటికీ తీశాను. మావాళ్లు ముగ్గురూ దుప్పట్లోంచి తిడుతున్నారు.

తెనాలి_పిల్ల
అందరివీ రెండేసి సార్లు చదివాను. పేరు అంటించాను. హౌస్‌మైస్టర్‌కి మెయిల్ పెట్టాను. రేపు డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తాను.

తలుపు తట్టడానికి మాత్రం ధైర్యం చాలడం లేదు. ఇంకో చిన్న సంగతి, నవ్వకండి, దోశ పిండి పులవడం లేదు. రెండు రోజులు ఉంచినా అలాగే ఉంటోంది. మంచి దోశ తిని మూడు నెలలైంది.

కాజా_ఘుమఘుమ
ఎందుకు నవ్వుతాం, అందరం ఆ దశ దాటినవాళ్లమే. పిండి గిన్నె ఓవెన్‌లో పెట్టి లోపల లైటు మాత్రం వేసి వదిలేయండి, ఓవెన్ వేడి చెయ్యొద్దు. రాత్రి పెడితే పొద్దున్నకి పొంగుతుంది. గిన్నె కింద పళ్లెం పెట్టండి, నాకు ఒకసారి పొంగి ఓవెన్ అంతా పారింది. పెనం అడుగు సమంగా ఉండాలి, ఇక్కడి గాజు పొయ్యి మీద మన గుండ్రటి బాణలి వేడెక్కదు. అమ్మ ఇచ్చిందని మోసుకొచ్చిన ఇనప మూకుడు నాది అటక మీదే ఉంది.

కూరగాయలకి మంగళ, శుక్రవారాల్లో మాయ్‌బాహుఫర్ కాలువ ఒడ్డున సంత, టర్కీవాళ్లవే ఎక్కువ. కొత్తిమీర ఇంత లావు కట్ట, పచ్చిమిరపకాయలు, బెండకాయలు, లేత వంకాయలు. సాయంత్రం సర్దుకునే వేళకి వెళితే ధర తగ్గిస్తారు. గోంగూర మాత్రం దొరకదు, అది ఇండియన్ కొట్లలో డబ్బాల్లోదే.

గోదారిగట్టు
ఇంటినుంచి పార్సిల్ తెప్పించుకునేటట్టయితే ఒక జాగ్రత్త. పాలతో చేసినవి, మాంసం యూరప్ బయటినుంచి రానివ్వరు. నెయ్యి, కోవా, పూతరేకులు పంపొద్దని చెప్పండి. ఆవకాయ, కారప్పొడులు, అప్పడాలు ఫర్వాలేదు. బహుమతిగా పంపినా 45 యూరోలు దాటితే కస్టమ్స్ లెక్కలోకి వస్తుంది, విలువ ఉన్నదున్నట్టు రాయమనండి.

ఓరుగల్లు_కోట
గుడికి వెళ్లాలనిపిస్తే నోయ్‌కోల్న్‌లోనే రెండున్నాయి, హాజెన్‌హైడె పార్కు దగ్గర వినాయకుడు, బ్రిట్స్‌లో శ్రీలంక తమిళులు కట్టిన మురుగన్ కోవెల.

సీమ_బిడ్డ
తెనాలి గారూ, తలుపు తట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ తడితే మాత్రం క్షమించండి అనకుండా, నేను ఫలానా అని మాత్రం చెప్పండి. నా మాటగా ఇదొక్కటీ వినండి.

తెనాలి_పిల్ల
మూడు వారాల తర్వాత వస్తున్నాను, చెప్పాల్సింది ఉంది.

బ్యాంకు కార్డు వచ్చింది. పన్ను నంబర్ కూడా వచ్చింది, ఆఫీసులో ఇచ్చాను. విటమిన్ డి బాగా తక్కువుందన్నారు, వాడుతున్నాను.

అసలు సంగతి. అమ్మ కారప్పొడి, అప్పడాలు పంపింది. నేను ఆఫీసులో ఉండగా పార్సిల్ వచ్చిందట, నా డబ్బాలో చీటీ ఉంది, మీ సామాను ఫలానా పేరు గలవారి ఇంట్లో ఇచ్చాం అని. ఆ పేరు బెల్లుల దగ్గర వెతికితే సరిగ్గా మా కింది ఇల్లు. తట్టక తప్పలేదు. సుమారు డెబ్భై ఏళ్ల ఆవిడ, పొట్టి తెల్ల జుట్టు, చేతిలో నా పెట్టె. పెట్టె మూలన ఎర్రటి పొడి కొంచెం కారి ఆవిడ నడవలో తివాచీ మీద పడింది. ఆవిడ దాన్ని వేలితో తీసి వాసన చూసి తుమ్ముతూ నవ్వింది. నేను నేర్చుకున్న మూడు వాక్యాల్లో మొదటిదే వచ్చింది, నా పేరు చెప్పాను. ఆవిడ నా ఇంటిపేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించింది, పోస్టు డబ్బా మీద చూశానంది. ఆ కాగితం తనే రాశానని కూడా ఆవిడే చెప్పింది, ఎవరుంటున్నారో పేరు తెలియక మీ అని మాత్రమే రాశానంది. సీమ_బిడ్డ గారూ, నేను క్షమించండి అనలేదు. ఆవిడ కూడా అనలేదు.

తర్వాత ఫోన్ అనువాదంతో చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆదివారం పదింటికి ఆవిడ ఈతకి వెళ్తుందట, పన్నెండు దాకా ఇంట్లో ఉండదు. గోడ మీద క్యాలెండర్ చూపించి, పది నుంచి పన్నెండు అని వేలితో గీసి, అప్పుడు నీ యంత్రం వేసుకో అంది. అయినా తువ్వాలు వేస్తున్నాను.

ఉండగలనా అంటే ఇప్పటికీ తెలియదు. మొన్న రాత్రి కూడా ఏడ్చాను. కానీ మెట్ల మీద తల ఎత్తుకునే వెళ్తున్నాను.

పాతకాపు
చాలమ్మా, ఇవాళ నాకు కడుపు నిండింది.

సీమ_బిడ్డ
ఆవిడ ముందు తుమ్మింది కాబట్టి సరిపోయింది. సంతోషం అక్కా, మనస్ఫూర్తిగా.

బుజ్జిగాడి_అమ్మ
ఏడుపొస్తే ఇక్కడికి వచ్చి రాయి, అర్ధరాత్రయినా. నేను మా చిన్నవాడికి పాలు పట్టడానికి లేచే ఉంటాను. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి టెంపెల్‌హోఫ్‌కి వస్తున్నావు, ఇది అడగడం కాదు, చెప్పడం. యూ8 మెట్రో లైనులో బోడిన్‌స్ట్రాసె దగ్గర దిగు, నేను బయటే ఉంటాను, ఎర్ర కోటు.

తెనాలి_పిల్ల
వస్తాను అక్కా. చట్నీ తెస్తాను, పదకొండుకి రుబ్బుతాను.

కాజా_ఘుమఘుమ
అల్లం చట్నీలో మీ తెనాలివాళ్లు బెల్లం ఎంత వేస్తారో కొలత పెట్టండి, నాది ఎప్పుడూ చేదొస్తోంది.

తెనాలి_పిల్ల
అల్లానికి రెండింతలు బెల్లం, అల్లంతో సమానంగా చింతపండు. ముందు అల్లం నూనెలో ఎర్రగా వేయించండి, మీరు పచ్చిది వేస్తున్నారేమో. ఇక్కడి అల్లంలో పీచు తక్కువ, చెక్కు మొత్తం తీసేయండి.